గ్లాసు అడుగున పప్పు

ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉండగా, ఆగస్టు నెలలో నాకు టైఫాయిడ్ వచ్చింది. 14 రోజులు మందులు వాడాక జ్వరం తగ్గింది గానీ, 51 కిలోలున్న నేను 44 కిలోలకు దిగిపోయాను. ఆపైన తెనాలిలో మా ఇంట్లో నెల రోజులు పథ్యం సాగింది. మెత్తటి అన్నం, మిరియాల చారు, బీరకాయ కూర, పలచని మజ్జిగ, అంతే. పప్పు వేసుకుంటానంటే, "జ్వరం పడి లేచినదానివి, ఇప్పుడు పప్పేమిటే, అరగొద్దూ?" అంటూ అమ్మమ్మ గిన్నె పక్కకు జరిపేది. ఆవిడకు తెలిసిన వైద్యం అది. నాకూ ఎదురుచెప్పే ఓపిక లేదు.

సెప్టెంబరు చివర్లో హాస్టల్‌కు తిరిగి వచ్చాను. మూడో అంతస్తులోని గదికి ఎక్కడానికి రెండుచోట్ల ఆగవలసి వచ్చేది. అక్టోబరు నడిమికల్లా తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టే. చూస్తూండగానే జడ సగమైంది. టైఫాయిడ్ నీరసం అలాగే ఉంటుందని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. ఒకరోజు ల్యాబ్‌లో నిలబడి ఉండగా కళ్ళు బైర్లు కమ్మి కూలబడ్డాకే డాక్టరు దగ్గరకు వెళ్ళాను.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. కనీసం 3.5 ఉండవలసిన అల్బుమిన్, అంటే రక్తంలో ఉండే ఒక మాంసకృత్తు, 3.1 దగ్గర ఉంది, బి12 కూడా బాగా తక్కువగా ఉంది. ఆ కాగితాలు పక్కన పెట్టి, "నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏమేం తిన్నావో వరసగా చెప్పమ్మా" అని డాక్టరమ్మ అడిగారు. రెండు పూటలా పప్పు తింటున్నానని కాస్త ధీమాగానే చెప్పాను. "పప్పా, పప్పు నీళ్ళా?" అన్నారావిడ.

ఆ రాత్రి మెస్‌లో పోసిన గరిటెడు పప్పును స్టీలు గ్లాసులోకి వంచి, అరగంట కదపకుండా ఉంచాను. పైన పసుపు రంగు నీరు తేరింది, అందులో ఒక కరివేపాకు, రెండు టమాటా తొక్కలు తేలుతున్నాయి. నీరు వంచేసి చూస్తే అడుగున మిగిలిన ముద్ద రెండు చెంచాలకు మించలేదు. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయన్నది నిజమే కానీ, నా కంచంలోకి పూటకు పది గ్రాముల పప్పైనా వస్తోందా అన్నది అనుమానమే. గుడ్డు పెట్టే రోజుల్లో మావంటి శాకాహారులకు బదులుగా అరటిపండు ఇచ్చేవారు. అరటిపండులో మాంసకృత్తులు ఒక గ్రాము ఉంటే గొప్ప.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే నా పాత బరువుకు 42 గ్రాములు. కోలుకోవాలి కనుక 50కి తగ్గవద్దని డాక్టరు చెప్పారు. అన్నం, నీళ్ళ పప్పు, పలచటి పెరుగు అన్నీ కలిపి లెక్క వేస్తే నాకు పాతిక కూడా దాటలేదు. జుట్టు రాలడానికి, అల్బుమిన్ తగ్గడానికి జ్వరం కూడా కారణమేనని, తిండి ఒక్కటే కాదని ఆవిడ వివరంగా చెప్పారు. జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మామూలేనట, కాకపోతే మళ్ళీ మొలవడానికి సరుకు కావాలి. మాంసకృత్తులు తయారయ్యే అమైనో ఆమ్లాల్లో బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది కాబట్టి పప్పన్నంలో తప్పేమీ లేదు, కొలతలోనే వచ్చింది చిక్కంతా. బి12 మాత్రం పప్పుల్లో దొరకదు కనుక దానికి వేరే ఇంజెక్షన్లు రాశారు. ప్రోటీన్ పొడి కొనమంటారా అని అడిగితే, ముందు వేరుశనగలు కొనుక్కోమన్నారు.

మొదటి వారం అత్యుత్సాహంతో పచ్చి మొలకలు గిన్నెడు తిని రాత్రంతా కడుపు ఉబ్బరంతో నిద్ర లేకుండా గడిపాను. ఆ సంగతి చెప్పినప్పుడు, టైఫాయిడ్ నుంచి లేచిన పేగులకు పచ్చి మొలకలా అని చీవాట్లు పడ్డాయి. అప్పటి నుంచి రాత్రి 50 గ్రాముల శనగలు స్టీలు డబ్బాలో నానబోసి, పొద్దున్నే మెస్ వంటాయన చేతికి ఇచ్చేదాన్ని. ఇడ్లీలు దిగాక ఆయన వాటిని ఉడకబెట్టి, అడగకుండానే ఇంత ఉప్పు, పోపు వేసి ఇచ్చేవాడు. వాటితో పది గ్రాములు, సాయంత్రం గుప్పెడు వేయించిన వేరుశనగలతో ఏడు, బయట కొనుక్కున్న గట్టి పెరుగుతో మరో ఆరు వచ్చేవి. ఆదివారాలు మీల్ మేకర్ కూర ఉండేది. ఎండు మీల్ మేకర్ బరువులో సగం మాంసకృత్తులేనని తెలిశాక, అంతకు ముందు ఏరి పక్కన పెట్టిన రోజులు తలచుకుని సిగ్గేసింది. పప్పు వడ్డించేటప్పుడు "బాబాయ్, అడుగు నుంచి" అనడం కూడా అలవాటు చేసుకున్నాను. సంగతి తెలిసిన అమ్మమ్మ మారుమాట లేకుండా రెండు కిలోల సున్నుండలు చుట్టి పంపింది.

జనవరి పరీక్షలో అల్బుమిన్ 3.9, హిమోగ్లోబిన్ 11.6 వచ్చాయి, బరువు 49కి చేరింది. నుదుటి దగ్గర పిల్ల వెంట్రుకలు నిక్కబొడుచుకుని, ఎంత నూనె రాసినా అణిగేవి కావు. మూడో సంవత్సరంలో మెస్ కమిటీలో చేరాక నేను అడిగింది ఒక్కటే: గుడ్డు రోజున అరటిపండుకు బదులు కప్పుడు శనగ గుగ్గిళ్ళు పెట్టమని. రెండు వారాలు నానిన తర్వాత ఒప్పుకున్నారు. ఇప్పుడు గుడ్డు తినేవాళ్ళు కూడా ఆ వరుసలోనే నిలబడుతున్నారు, ఆలస్యంగా వెళితే గుగ్గిళ్ళు దొరకడం లేదు.