చింతగింజలు పన్నెండు, ప్రశ్న ఒక్కసారే

డిగ్రీలో సైకాలజీనో మానవ వికాసమో తీసుకున్నవాళ్ళకు పిల్లల ఆలోచన ఎదిగే తీరు గురించి మనస్తత్వవేత్త పియాజె చెప్పిన దశలు నాలుగూ రెండో రోజుకే నోటికొచ్చేస్తాయి. ఆ పూర్వ ప్రచాలక దశే (సుమారు రెండు నుంచి ఏడేళ్ళ దాకా ఉండే రెండో దశ) ఎదురుగా కూర్చుని ముక్కు తుడుచుకుంటుంటే ఏమని అడగాలో మాత్రం తెలియదు. నెల్లూరు చుట్టుపక్కల అంగన్‌వాడీకో ప్రాథమిక పాఠశాలకో ప్రాక్టికల్‌కు వెళ్ళేవాళ్ళ కోసం, పదిలపరచుకొనే భావన (ఆకారమో అమరికో మారినా ఉన్నది అంతేనని తెలియడం) పరీక్ష ఒక్కదాన్ని గురించే రాస్తున్నా.

ముందు పిల్లల ఎంపిక. అంగన్‌వాడీలో ఉండేది 3 నుంచి 6 ఏళ్ళవాళ్ళు. సంఖ్య పదిలంగా ఉంటుందన్న భావన సుమారు 6, 7 ఏళ్ళకు కుదురుతుంది. అంగన్‌వాడీతోనే సరిపెట్టుకుంటే దాదాపు అందరూ ఒకే జవాబు చెబుతారు, రికార్డులో పోల్చడానికేమీ మిగలదు. అంగన్‌వాడీలో ఇద్దరు, ఒకటో తరగతిలో ఇద్దరు, మూడో తరగతిలో ఇద్దరు చాలు. పొద్దున పదిన్నరకల్లా మొదలుపెట్టండి. అన్నం, గుడ్డు తిన్నాక కళ్ళు మూతలు పడుతుంటాయి.

వయసు నెలలు, రోజులతో సహా కట్టాలి. పరీక్ష రోజు 12-2-2025, పుట్టింది 25-8-2019 అనుకోండి. 12లోంచి 25 పోదు కాబట్టి ఒక నెల అప్పు తెచ్చి 42 చేస్తే 17 రోజులు. మిగిలిన 1లోంచి 8 పోదు, 12 నెలలు తెచ్చి 13 చేస్తే 5 నెలలు. 2024లోంచి 2019 తీస్తే 5 ఏళ్ళు. బడి రిజిస్టర్‌లో జూన్ పుట్టినరోజులు వరసగా కనబడితే అనుమానించి, తల్లి దగ్గరుండే ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) చూడండి.

సామాను పన్నెండు చింతగింజలే. ఆరు మీ ముందు, ఆరు బిడ్డ ముందు, ఎదురెదురుగా పేర్చండి. 'సమానం' అనే మాట చిన్నవాళ్ళకు అందదు. "నీకూ నాకూ ఒకటేగా ఉండాయా, ఎవురికన్నా జాస్తి ఉండాయా?" అంటే తెలుస్తుంది. 'ఏ వరస పెద్దది' అని మాత్రం అడగొద్దు. మన 'పెద్ద'లో పొడవూ ఉంది, వయసూ ఉంది, బిడ్డ పొడవు చూసి జవాబిస్తే తప్పు మీది. ఒకటేగా ఉన్నాయని బిడ్డ ఒప్పుకున్నాక మీ వరసను వేళ్ళతో ఎడంగా జరిపి, మళ్ళీ అడిగి, చివర 'ఎందుకని?' అనండి.

అసలు తిరకాసు ఆ 'మళ్ళీ'లోనే ఉంది. మన బళ్ళలో అయ్యవారు ఒకే ప్రశ్న రెండోసారి అడిగారంటే మొదటి జవాబు తప్పని అర్థం. పిల్లకాయలు ఠక్కున మాట మార్చేస్తారు. రోజ్, బ్లాంక్ అనే పరిశోధకులు 1974లో మొదటి ప్రశ్న తీసేసి, మార్చిన తర్వాత ఒక్కసారే అడిగితే ఒకటో తరగతి పిల్లలు మెరుగ్గా చెప్పారు. అదే ఏడాది మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ వరసను ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మతో చెదరగొట్టించారు. పెద్దవాళ్ళు కావాలని జరిపినప్పుడు 16 శాతం పిల్లలు సరిగ్గా చెబితే, బొమ్మ చెదరగొట్టినప్పుడు 62 శాతం చెప్పారు. వరసలు అవే, పిల్లలు వాళ్ళే. కాబట్టి సగంమందికి పాత పద్ధతిలో రెండుసార్లు, సగంమందికి ఒక్కసారే అడిగి రెండూ రాయండి. ఆరుగురితో ఏదీ రుజువు కాదు గానీ, సిలబస్‌లో ఉన్నది ఉన్నట్టు దించేసిన రికార్డు కన్నా ఇది నాకు నచ్చుతుంది.

జవాబు కన్నా కారణం విలువైనది. "ఏం తీయలా గదా" అంటే వస్తువు అదేనని గ్రహించింది. "మళ్ళీ దగ్గరికి జరిపితే అంతే గదా" అంటే విపర్యయం (చేసినదాన్ని వెనక్కి తిప్పొచ్చని) తెలుసు. "ఎడంగా ఉండాయి, అందుకే పొడుగు" అంటే ఒక మార్పును ఇంకోదానితో సరిపుచ్చింది. బిడ్డ మాటను బిడ్డ యాసలోనే రాయండి, గ్రాంథికంలోకి దిద్దొద్దు. 'ఏమో' అన్నా రాయాలి. ముందు జాస్తి అని, మళ్ళీ కాదని తేల్చుకోలేకపోతే 'మధ్యస్థం' అని వేయాలి.

చెడగొట్టేది సాధారణంగా చుట్టూ ఉన్నవాళ్ళే. కిటికీలోంచి నలుగురు అరుస్తారు, పక్కనుంచి టీచరమ్మ 'ఒకటే అని చెప్పమ్మా' అని అందిస్తుంది. బిడ్డ వీపు కిటికీకి పెట్టి, ఒక్కొక్కరినే పిలవండి. పదినిమిషాలు దాటనివ్వొద్దు. ముందే తల్లిదండ్రుల్ని అడగండి, రికార్డులో పేరు బదులు పొడి అక్షరాలు చాలు.

చివర్లో 'ఈ బిడ్డ పూర్వ ప్రచాలక దశలో ఉంది' అని తీర్పు రాసేస్తారు చాలామంది. గింజల్లో నెగ్గిన బిడ్డే చపాతీ పిండి ముద్దను పాములా సాగదీసి బరువు అడిగితే తప్పుతుంది. సంఖ్య కుదిరిన రెండు మూడేళ్ళకు గానీ బరువు కుదరదు, ఘనపరిమాణం 11, 12కి. ఒకే భావన ఒక్కో విషయంలో ఒక్కో వయసుకు రావడాన్నే పియాజె డెకలాజ్ అన్నాడు. 'ఈ పనిలో, ఈ రోజున ఇలా చెప్పింది' అని రాస్తే చాలు.

సీనియర్ రికార్డు చూసి రాయాలనిపిస్తుంది, నిజమే. కానీ వైవాలో ఎగ్జామినర్ 'ఆ పిల్ల జవాబు చెప్పేముందు గింజలు వేలితో లెక్కపెట్టిందా, కళ్ళతో చూసి చెప్పిందా?' అని అడిగితే, అది సీనియర్ రికార్డులో ఉండదు.