ఎక్కడి నుంచి వంగుతున్నావు?

పదమూడేళ్లప్పుడు జిమ్నాస్టిక్స్‌లో నేను బ్రిడ్జ్ (వెనక్కి వంగి అరచేతులు నేలకు ఆనించడం) వేస్తే చేతులకూ పాదాలకూ మధ్య జానెడు ఎడం కూడా ఉండేది కాదు. కొత్తగా చేరిన పిల్లలకు చూపించాలంటే కోచ్ మేడమ్ నన్నే పిలిచేవారు. "దీని వెన్నులో అసలు ఎముకలున్నాయా?" అని నవ్వేవారు. ఉన్నాయని, వాటిలో ఒకటి చిట్లుతోందని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

నేను ఎక్కడా పడలేదు, దెబ్బ తగిలించుకోలేదు. అందుకే చెప్పడానికి ఏమీ లేదనిపించేది. మొదట్లో ప్రాక్టీస్ అయ్యాక నడుము కింది భాగంలో, ఎడమ పక్క బరువుగా ఉండేది, పొద్దుటికి పోయేది. కొన్ని వారాలకు బ్యాక్ వాకోవర్‌లో, అంటే వెనక్కి వంగి చేతుల మీదుగా ఒక్కో కాలూ తిప్పి లేచేటప్పుడు, కాలు గాల్లోకి లేచే క్షణంలో చురుక్కుమనడం మొదలైంది. ముందుకు వంగి నేల తాకితే ఏమీ ఉండదు, వెనక్కి వంగితేనే నొప్పి. ఆ తేడాకు ఒక అర్థం ఉందని నాకేం తెలుసు? బీమ్ అనే సన్నటి దూలం మీద బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్‌కి (వెనక్కి ఎగిరి చేతుల మీదుగా తిరిగి కాళ్ల మీద దిగడానికి) ముందు ఊపిరి బిగబట్టడం అలవాటు చేసుకున్నాను, అంతే.

మా జిమ్‌లో నొప్పంటే అరచేతిలో పొక్కు లాంటిది. వస్తుంది, పోతుంది. ఓర్చుకునే పిల్ల మంచి పిల్ల. పైగా రెండు నెలల్లో పోటీలు. అమ్మకు కూడా నేను చెప్పలేదు. పై అరలో పుస్తకం తీయబోయి, చెయ్యి పైకెత్తి అలాగే ఆగిపోయాను. వెనక నుంచి అమ్మ చూసేసింది.

మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రే తీశారు. అంతా బాగానే ఉంది, కండరం పట్టేసింది, వారం రెస్ట్ చాలన్నారు. వారానికి నొప్పి నిజంగానే తగ్గింది. మళ్లీ మొదలుపెట్టిన మూడో రోజుకు ముందుకంటే ఎక్కువైంది. ఆ ఎక్స్‌రే మీద నాకు ఇప్పటికీ కోపమే. మొదటి దశలో ఉన్న చిట్లు చాలాసార్లు ఎక్స్‌రేలో కనిపించదని ఆ రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

రెండోసారి స్పోర్ట్స్ డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన మందుల గురించి మాట్లాడకముందే "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమ్మా" అన్నారు. అరచేత్తో చూపించాల్సిన అవసరం రాలేదు, వేలు సరిగ్గా అక్కడికే వెళ్లింది. తర్వాత ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగమన్నారు. కుడికాలి మీద ఫర్వాలేదు. ఎడమకాలి మీద సగం కూడా వంగలేక బల్ల పట్టుకున్నాను. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి ఉందా, జ్వరం వస్తోందా, కాళ్లలో తిమ్మిరో బలహీనతో ఉందా, మూత్రం ఆపుకోలేకపోతున్నానా అని వరసగా అడిగారు. అవి ఉంటే కథ వేరే అట. నెలసరి సరిగ్గా వస్తోందా, కడుపునిండా తింటున్నానా అనీ అడిగారు. నేను సిగ్గుతో అమ్మ వైపు చూశాను. తిండి చాలక నెలసరి ఆగిపోతే ఎముక బలం కూడా తగ్గుతుందట.

ఎమ్మారైలో తేలింది. నడుములో చివరి పూస, ఎల్5. దాని వెనక భాగంలో, పై కీలుకూ కింది కీలుకూ మధ్య సన్నటి ఎముక ఉంటుంది. వెనక్కి వంగిన ప్రతిసారీ ఒత్తిడి అక్కడే పడుతుంది. నాకు ఎడమ వైపు అదే చిట్లుతోంది. పేరు స్పాండిలోలిసిస్. రెండు వైపులా విరిగితే పూస ముందుకు జారే ప్రమాదం ఉంటుంది, నాది అంతదాకా రాలేదు. ఆటలాడే పిల్లలు నడుం నొప్పంటే పెద్దవాళ్ల లెక్కన చూడకూడదని డాక్టర్ అమ్మతో అన్నారు. 1995లో వచ్చిన ఒక అధ్యయనంలో నడుం నొప్పితో వచ్చిన వంద మంది టీనేజ్ క్రీడాకారుల్లో 47 మందికి ఇదే సమస్య ఉంటే, వంద మంది పెద్దవాళ్లలో ఐదుగురికే ఉందట. 47 అన్న మాట వినగానే నాకు భయం బదులు ఊరట కలిగింది. నేను నాటకాలాడటం లేదన్నమాట.

మూడు నెలలు జిమ్నాస్టిక్స్ బంద్. కొందరికి నడుం కదలకుండా బ్రేస్ అనే పట్టీ వేస్తారు, నాకు వేయలేదు. ఆ మూడు నెలల గురించి పెద్దగా రాయబుద్ధి కావడం లేదు. ఒకసారి జిమ్‌కి వెళ్లి చాక్ పెట్టె పక్కన కూర్చున్నాను, మళ్లీ వెళ్లలేదు.

ఫిజియో అక్క మాత్రం మొదటి రోజే నా పాత వీడియో అడిగింది. బ్యాక్ వాకోవర్ మధ్యలో ఆపి, ఫోను నా ముందు పెట్టి, "ఎక్కడి నుంచి వంగుతున్నావు?" అంది. పక్క నుంచి చూస్తే స్పష్టంగా తెలిసిపోతోంది. భుజాలు పూర్తిగా తెరుచుకోలేదు. తుంటి ముందు భాగం బిగుసుకుపోయి ఉంది. ఒళ్లంతా గుండ్రంగా విల్లులా వంగాల్సింది పోయి, నడుం కింద ఒక్క చోట మడతపడింది. ఎప్పుడూ ఒకే పేజీ దగ్గర విరిచి తెరిచే పుస్తకం అక్కడే ఊడొస్తుంది కదా, అలా. ఇన్నాళ్లూ అందరూ మెచ్చుకున్నది ఆ మడతనే! ఆ ఏడాది నేను ఏడు సెంటీమీటర్లు పొడవు పెరిగాను. ఎముక పెరిగినంత వేగంగా కండరాలు సాగవు కాబట్టి తొడ వెనక కండరాలు కూడా బిగుసుకున్నాయి.

వెల్లకిలా పడుకోబెట్టి, నా నడుం కింద తన అరచెయ్యి పెట్టింది. మోకాళ్లు పైకి మడిచి, ఒక కాలూ దానికి ఎదురు చెయ్యీ మెల్లగా దించాలి, నడుం మాత్రం ఆ అరచెయ్యిని వదలకూడదు. బార్‌కి వేలాడి ఇరవై సార్లు కాళ్లెత్తే నేను దీనికి ఎనిమిది సెకన్లలో వణికిపోయాను. అక్క ఏమీ అనలేదు, చెయ్యి తీయలేదు కూడా. తర్వాత పక్కకు తిరిగి వేసే ప్లాంక్, తుంటి ముందు భాగం సాగదీయడం, బల్ల మీద చేతులు పెట్టి ఛాతీ కిందికి దించి భుజాలు తెరవడం. రోజూ ఇవే. పరమ బోరు.

మూడు నెలలకు ఒంటికాలి మీద నొప్పి లేకుండా వంగగలిగాను. ముందు పరుగు, హ్యాండ్‌స్టాండ్, మెత్తటి మ్యాట్ మీద ల్యాండింగ్ మొదలయ్యాయి. బ్రిడ్జ్ అయితే కాళ్లు ఎత్తు మీద పెట్టి వేయించారు, అలా వేస్తే పని భుజాల మీద పడుతుంది. రోజుకు ఎన్నిసార్లు వెనక్కి వంగాలో మేడమ్ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించారు. నాలుగో నెలలో ఎవరూ చూడకుండా ఒక హ్యాండ్‌స్ప్రింగ్ కొట్టాను. సాయంత్రానికి అదే చోట, అదే చురుకు. ఈసారి ఇంటికెళ్లగానే "అమ్మా, మళ్లీ వచ్చింది" అన్నాను. కసరత్తుల్లో నన్ను రెండు వారాలు వెనక్కి పంపారు.

ఆరో నెల దాటాక బీమ్ ఎక్కాను. నా రొటీన్‌లో వెనక్కి వంగేది ఒకటి తీసేసి, ముందుకు వెళ్లేది పెట్టాం. దాంతో మార్కులు కొంచెం తగ్గాయి. బాధ కలగలేదని చెప్తే అబద్ధమే.