ఉపగ్రహం వచ్చే వేళకు మేడ తాళంచెవి: నా అనుభవం

తిరుపతి మీది గాలిలో ధూళి, పొగ కణాలు ఏ మేరకు ఉన్నాయో ఉపగ్రహం చెప్పే లెక్కను నేల మీది కొలతతో సరిచూడడం నా పరిశోధనలో మొదటి ఘట్టం. అది ఈ వారమే ముగిసింది గనుక, ఇదే పనికి దిగబోయే విద్యార్థుల కోసం జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

ఉపగ్రహ సమాచారం సంపాదించడం కష్టమేమీ కాదు. నాసా ఎర్త్‌డేటా, ఇస్రో వారి మోస్‌డాక్ వెబ్‌సైట్లలో పేరు నమోదు చేసుకుంటే చాలు. ఫైళ్లలోది ప్రపంచ ప్రామాణిక సమయం (యూటీసీ) గనుక, మన సమయం కోసం ఐదున్నర గంటలు కలుపుకోవాలి. నేల మీద నుంచి సూర్యుడి వెలుగును కొలిచే పరికరమైన సన్ ఫోటోమీటరును మా గైడు మేడమ్ అడిగిన రోజే ఇప్పించారు.

నన్ను ఏడిపించింది, ఆ కొలతలు తీయడానికి ఎక్కాల్సిన మేడ తాళంచెవి.

2011లో ప్రయోగించిన సువోమి ఎన్‌పీపీ, 2017లో ప్రయోగించిన ఎన్‌ఓఏఏ-20 ఉపగ్రహాలు మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండున్నరకూ నడుమ దాటుతాయి. ఏ నిమిషానికన్నది రోజుకో తీరుగా మారుతుంది. ఆ క్షణానికి అరగంట అటూ ఇటూ తీసిన కొలతలనే పోలికకు తీసుకోవడం ఈ రంగంలో ఆనవాయితీ. సూర్యుడికి అడ్డంగా మబ్బు తునక వచ్చినా ఆ కొలత పనికిరాదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో మన దగ్గర తేటగా ఉండే మధ్యాహ్నాలు ఎంత అరుదో చెప్పనక్కరలేదు. సరిగ్గా ఆ వేళకే మేడ తాళంచెవిని సొరుగులో పెట్టి, సొరుగుకు తాళం వేసి, గుమాస్తా గారు భోజనానికి వెళ్లిపోయేవారు.

"ఆకాశం యాడికి పోతాదమ్మా? మూడు గంటలకు రాపో" అన్నారాయన, హాలులో అందరికీ వినబడేలా. ఉపగ్రహం సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా పోతుంది, నా కోసం ఆగదు సార్ అని చెప్పబోతే, పక్క బల్ల ఆయన "మేడ మీద ఫోటోలు దిగేదానికి ఇంత కథా?" అని నవ్వారు. పరికరం చేతిలో పట్టుకుని, నిర్మలమైన ఎండ కిటికీలోంచి కనబడుతుండగా, నేను ఆ నవ్వుల మధ్య నిలబడ్డాను. లేఖ తెమ్మన్నారు, తెస్తే పై అధికారి ద్వారా రావాలన్నారు, అలా పంపితే ఫైలు కనబడలేదన్నారు. ఈలోగా మబ్బు లేని మధ్యాహ్నాలు ఒకటొకటిగా పోయాయి, అవి మళ్లీ రావు.

ఉపగ్రహం గాలిని పట్టి తూచదు. కింది నుంచి పైకి వచ్చే వెలుగును బట్టి లెక్క కడుతుంది. శేషాచలం అడవి ముదురు రంగులో ఉంటుంది గనుక కణాలు చెదరగొట్టిన వెలుగు దాని మీద సులువుగా తెలుస్తుంది. బండలు, బీడు భూములు, కాంక్రీటు ఉన్నచోట నేలే వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి ఏది నేలదో ఏది గాలిదో విడదీయడం కష్టం. అందుకే కింద నిలబడి, నేరుగా సూర్యుడి నుంచి ఎంత వెలుగు తగ్గి వచ్చిందో కొలిచే మనిషి కావాలి. వెలుగుచుక్క గీతల కూడలిలో కుదిరేదాకా పరికరాన్ని కదలనివ్వకూడదు. చెమట కంట్లోకి జారినా చెయ్యి తీయకూడదు. ఇంత పనిని ఫోటోల సరదా అనుకునేవారు విద్యాసంస్థలో కూర్చోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

చివరికి విభాగాధిపతి గారినే నేరుగా కలిసి, ఏ వేళకు తాళం కావాలో పట్టికతో సహా చూపించాను. మారు తాళంచెవి నా పేర సాయంత్రానికే వచ్చింది. మీరూ గుమాస్తాలను బతిమాలకండి. లేఖ ఇచ్చిన వెంటనే ఇన్‌వర్డు నంబరు వేయించుకుని, నకలు దగ్గర ఉంచుకోండి.

ఉపగ్రహం నేలను గడులుగా విడగొట్టి లెక్క ఇస్తుంది. అడవి వైపు గడుల్లో ఆ లెక్క నా కొలతలతో చక్కగా కలిసింది. ఊరి వైపు తేడా స్పష్టంగా కనబడింది. ఆ పట్టికలో ప్రతి అంకె నేను ఎండలో నిలబడి తీసినదేనని గర్వంగా చెప్పుకుంటాను. అయితే ఈ రెండు కొలతలూ నేల నుంచి పై దాకా ఉన్న మొత్తాన్నే చెబుతాయి, ఏ ఎత్తులో ఎంత ఉందో చెప్పవు. అది తెలియాలంటే లేజరు వెలుగును పైకి పంపి కొలిచే లైడార్ కొలతలు కావాలి. ఆ ఎత్తుల్లో వేడి, తేమ ఎంతో తెలియడానికి బెలూన్లతో పైకి పంపే రేడియోసాండ్ల రీడింగులు కావాలి. వాటి కోసం గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలకు రాసే లేఖలో తేదీలతో పాటు గంటలు కూడా ముందే రాయించాను.