మెడ మీది నలుపు

నన్ను నిలబెట్టిన డాక్టరమ్మ గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఇంకొకావిడ మీద కోపమే తన్నుకొస్తోంది. డిగ్రీ చదివే రోజుల్లో నెలసరి సరిగ్గా రావట్లేదని అమ్మ తీసుకెళ్తే, ఆవిడ స్కానింగ్ రిపోర్టు చూసి, "నీటి బుడగలు. పెళ్ళి చేసేయండి, ఒక కాన్పయితే అవే పోతాయి" అంది. నా మొహం వైపు చూడను కూడా చూడలేదు. ఆవిడ రాసిన బిళ్ళలు వేసుకుంటే డేట్ వచ్చేది, మానేస్తే ఆగిపోయేది. గడ్డం మీద వెంట్రుకలు, మెడ చుట్టూ నలుపు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. మురికేమోనని అమ్మ శనగపిండి, నిమ్మచెక్క పెట్టి మంట పుట్టేదాకా రుద్దేది.

ఉద్యోగంలో చేరాక నెలల తరబడి రాలేదు. వచ్చిన రోజు హమ్మయ్య అనుకున్నాను. రెండో రోజు రాత్రి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కాళ్ళు చల్లబడతాయి. ప్యాడ్ మార్చుకుని మంచం దాకా వచ్చేలోపే తడిసిపోతోంది. బాత్రూంలో గడ్డలు గడ్డలుగా పడుతోంది. అమ్మ పాత నూలుచీర చింపి మడతలు పెట్టి ఇస్తోంది. "తెల్లారాక వెళ్దాంలే, ఆడపిల్లని ఈ వేళప్పుడు ఎక్కడికని..." అంటాడు నాన్న. లేవబోతే చెవుల్లో హోరు. గడప దగ్గర పడిపోయాక గానీ ఆటో పిలవలేదు. ఆ మాటకి నాన్నని ఇంకా పూర్తిగా క్షమించలేదు. దారి పొడుగునా నా తల ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు, అదీ మర్చిపోలేదు.

హిమోగ్లోబిన్ ఆరుంది. రక్తం ఎక్కించారు.

పొద్దున రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మ నా జడ పక్కకి తీసి మెడ మీద వేలు పెట్టి చూసింది. "ఇన్నేళ్ళూ దీన్ని ఎవరూ పట్టించుకోలేదా?" అంది. మంచం అంచున కూర్చుని చెప్పింది. దీన్ని పీసీఓఎస్ అంటారట. అవి నీటి బుడగలు కావట, పెరుగుతూ మధ్యలో ఆగిపోయిన అండాల సంచులట. ఒళ్ళు ఇన్సులిన్ మాట వినకపోతే దాన్నే ఇంకా ఇంకా తయారుచేస్తుంది, మెడ మీది నలుపు దానికి గుర్తేనట. ఆ ఎక్కువైన ఇన్సులిన్ వల్ల అండాశయాల్లో మగ హార్మోన్లు పెరుగుతాయి, అండం విడుదల కాదు. అండం విడుదల కాకపోతే, పొరని అదుపులో ఉంచే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఉండదు, గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోయి ఒక్కసారిగా ఊడిపడుతుంది. ఏళ్ళ తరబడి అలా వదిలేస్తే ఆ పొరకి క్యాన్సర్ ముప్పు కూడా ఉందట. అందరికీ ఒకేలా ఉండదనీ, సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుందనీ చెప్పింది.

నెలసరిని తప్పించగల వేరే హార్మోన్లు, థైరాయిడ్, ప్రొలాక్టిన్ బాగానే ఉన్నాయి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలయ్యాక చూస్తే 168. 140 దాటకూడదు. నాన్నకి షుగరుందా అని మొదటావిడ అడిగి ఉంటే అప్పుడే తెలిసేది కదా!

ఒళ్ళు ఇన్సులిన్ మాట వినేలా చేసే మెట్‌ఫార్మిన్ బిళ్ళ మొదట్లో కడుపుని తిప్పేసింది, తిన్నాక వేసుకుంటే సర్దుకుంది. గర్భనిరోధక మాత్రలు రాస్తే అమ్మ గుండె బాదుకుంది, పెళ్ళికాని పిల్లకి ఇవేంటని. నెలసరి క్రమంలో పెట్టడానికీ, మగ హార్మోన్లు తగ్గడానికీ అని డాక్టరమ్మ నచ్చజెప్పాక, చుట్టాల కంట పడకుండా బియ్యం డబ్బా వెనక దాచేది. బరువు నూటికి ఐదు నుంచి పది వంతులు తగ్గినా చాలంది. పిన్ని పంపిన మెంతి కషాయం మాత్రం వాసన చూసి పారబోశాను.

అమ్మ మొక్కు కోసం అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కాను. అంతా స్వామి దయ అంటుంది అమ్మ. కాదనను, రోజూ సాయంత్రం నడిపించింది మాత్రం డాక్టరమ్మే.

పూర్తిగా పోయే జబ్బు కాదిది, పెళ్ళితో అసలే పోదు. రేపు పిల్లలు కావాలంటే అండం విడుదలకి లెట్రోజోల్ లాంటి మందులున్నాయి. మొన్న మేనత్త తన కూతురి స్కానింగ్ రిపోర్టు పంపింది, సంబంధాలు చూస్తున్నామని కూడా రాసింది. ముందు గ్లూకోజ్ టెస్టు చేయించమన్నాను. "షుగరు ముసలాళ్ళకి కదే" అంది. డబ్బులు నేనే కట్టి శనివారానికి ల్యాబ్ వాణ్ణి ఇంటికి పంపిస్తున్నాను.