బార్ పరీక్షకు బేర్ యాక్టే పుస్తకం

గుంటూరులో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసి, విజయవాడ కేంద్రంగా, న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడానికి తప్పనిసరైన ఆలిండియా బార్ పరీక్ష రాసి, ప్రస్తుతం బ్రాడీపేటలో ఒక సీనియర్ న్యాయవాది వద్ద జూనియర్‌గా పనిచేస్తున్నాను. కాలేజీలో నా తరువాతి తరగతులవారు కలిసినప్పుడల్లా అడిగే మొదటి ప్రశ్న ఏ గైడు కొనాలన్నదే. గైడు కొనవద్దని నేను చెప్పను. కానీ ఆ డబ్బుతో ముందుగా సివిల్ ప్రొసీజర్ కోడ్, మూడు కొత్త క్రిమినల్ చట్టాలు, రాజ్యాంగం బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానం లేకుండా చట్టం మూలపాఠం మాత్రమే ఉన్న పుస్తకాలు, కొనుక్కుని, గైడు సంగతి ఆ తరువాత ఆలోచించమని చెబుతాను. ఎందుకంటే హాలులోకి బేర్ యాక్టులు తీసుకెళ్లనిచ్చే ఈ పరీక్ష మన జ్ఞాపకశక్తి కంటే ఎక్కువగా, చట్టాన్ని తెరిచి కావలసిన నిబంధన ఎక్కడుందో పట్టుకోగలమా లేదా అన్నదాన్ని పరీక్షిస్తుంది. మరునాటి నుంచి కోర్టు మన నుంచి ఆశించేది కూడా అదే.

న్యాయవాదిగా నమోదు చేసే అధికారం 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్‌ది. పరీక్ష నిర్వహించేది మాత్రం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. 2010లో తీసుకున్న నిర్ణయం మేరకు మొదటి పరీక్ష 2011 మార్చి 6న జరిగింది. ఇలాంటి పరీక్ష పెట్టే అధికారం కౌన్సిల్‌కు ఉన్నదా అన్న వివాదం చాలాకాలం నడిచి, చివరకు 2023 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం బోనీ ఫోయ్ లా కాలేజ్ కేసులో ఆ అధికారం ఉన్నదని తేల్చింది. పరీక్ష ఉండటమే మంచిదని నా దృఢమైన అభిప్రాయం. సెమిస్టర్ పరీక్షలకు ముఖ్యమైన ప్రశ్నలు మాత్రమే చదివి పట్టా పుచ్చుకున్నవారు కూడా కక్షిదారు జీవితాన్ని చేతిలోకి తీసుకునే ముందు ఒక్కసారైనా చట్టాలన్నింటినీ వరుసగా తిరగేయాలి. ఆ పని చేయించే సందర్భం మనకు ఇదొక్కటే.

చదువు సంగతికి వెళ్లే ముందు దరఖాస్తుల గురించి చెప్పాలి, ఎందుకంటే తెలివైన విద్యార్థులు కూడా ఆలస్యమయ్యేది ఇక్కడే. మన రాష్ట్ర బార్ కౌన్సిల్ కార్యాలయం అమరావతిలో హైకోర్టు వద్ద ఉంది. పదో తరగతి నుంచి ఎల్‌ఎల్‌బీ వరకు సర్టిఫికెట్లు, మార్కుల జాబితాలు, అఫిడవిట్లు అన్నీ ఒకే పేరుతో ఉండాలి. మన తెలుగువాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగానో, పూర్తిగా ముందో ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు చివరకు వెళుతుంది. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక అక్షరం ఎక్కువో తక్కువో అవుతుంది. పెళ్లయిన మహిళలకు భర్త ఇంటిపేరుతో మరొక రూపం వచ్చి చేరుతుంది. చివరి సెమిస్టర్ మొదలైన రోజునే ఈ కాగితాలన్నింటినీ బల్లమీద పక్కపక్కన పరచి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒక్కొక్క అక్షరంగా సరిచూసుకోండి. తేడా కనిపిస్తే విశ్వవిద్యాలయంలోనో, బోర్డులోనో సరిచేయించుకోవడానికి నెలలు పట్టవచ్చు, ఆ నెలలు మీకు అప్పుడే ఉంటాయి.

రుసుము విషయంలో ఒక తీర్పు గురించి ప్రతి లా విద్యార్థీ తెలుసుకోవాలి. అడ్వకేట్స్ చట్టం 24(1)(ఎఫ్) సెక్షన్ ప్రకారం నమోదు రుసుము రాష్ట్ర కౌన్సిల్‌కు 600 రూపాయలు, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు 150 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు వరుసగా 100, 25 రూపాయలు. దేశంలో చాలా రాష్ట్ర కౌన్సిళ్లు రకరకాల పద్దుల కింద వేల రూపాయలు వసూలు చేస్తూ వచ్చాయి. 2024 జూలై 30న గౌరవ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, నమోదుకు షరతుగా చట్టంలో ఉన్న మొత్తానికి మించి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదని తీర్పు చెప్పింది. కౌలు రైతుల ఇళ్ల నుంచీ, మిర్చి యార్డులో పనిచేసేవారి ఇళ్ల నుంచీ వచ్చి లా చదువుతున్న పిల్లలు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. వారికి ఈ తీర్పు ఎంత ఊరటనిచ్చిందో దగ్గర నుంచి చూసినవాడిగా, దీనిని ఒక్కసారి పూర్తిగా చదవమని కోరుతున్నాను. పరీక్షలో వచ్చినా రాకపోయినా సరే. పరీక్ష రుసుము వేరు: ఇటీవలి పరీక్షలకు అది జనరల్, ఓబీసీ అభ్యర్థులకు 3,500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 2,500 రూపాయలుగా ఉంది.

మునుపు నమోదు పూర్తయ్యాకే పరీక్షకు దరఖాస్తు చేయవలసి వచ్చేది. పట్టా చేతికి వచ్చి, నమోదు ముగిసేసరికి ఒక పరీక్ష చేజారి, తరువాతి నోటిఫికేషన్ కోసం ఎదురుచూడక తప్పేది కాదు. చివరి సంవత్సరం విద్యార్థులను కూడా అనుమతించమని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించడంతో ఆ ఇబ్బంది తగ్గింది. అయినా ప్రతి నోటిఫికేషన్‌లోని అర్హత షరతులను మీరే స్వయంగా చదవాలి. స్నేహితుడు చెప్పాడనో, వాట్సాప్‌లో ఎవరో పెట్టారనో దరఖాస్తు నింపడం న్యాయవాది కాబోయేవారికి తగదు.

ఇక పరీక్ష. వంద ప్రశ్నలు, ప్రతిదానికి ఒక మార్కు, నెగెటివ్ మార్కులు లేవు. జనరల్, ఓబీసీ అభ్యర్థులకు 45, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 40 మార్కులు వస్తే ఉత్తీర్ణత. సిలబస్‌లో పందొమ్మిది అంశాలు కనిపించి భయపెడతాయి గానీ, మార్కుల పంపిణీని పెన్సిలుతో కూడి చూడండి. రాజ్యాంగం 10, సివిల్ ప్రొసీజర్ 10, క్రిమినల్ ప్రొసీజర్ 10, శిక్షాస్మృతి 8, సాక్ష్య చట్టం 8. ఈ అయిదే 46 మార్కులు. కుటుంబ చట్టాలకు 8, కాంట్రాక్టు, ఆస్తి బదిలీ, స్పెసిఫిక్ రిలీఫ్, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అన్నీ కలిపి 8. అంటే ఏడు అంశాల్లో 62 మార్కులున్నాయి. మిగిలిన పన్నెండింటిలో 38. మన జిల్లా కోర్టులో రోజూ నడిచే పని కూడా దాదాపు ఈ ఏడింటిలోనే ఉంటుంది. కంపెనీ చట్టం, సైబర్ చట్టం, మేధోసంపత్తి, పర్యావరణం రెండేసి మార్కులవి కాబట్టి వాటిని చివరి వారాల్లో ఒకసారి చూసుకుంటే చాలు.

బేర్ యాక్టును చాలామంది మొదటి సెక్షన్ నుంచి నవల చదివినట్లు మొదలుపెట్టి, పది పేజీల్లో విసిగిపోతారు. మొదట చదవవలసింది విషయసూచిక. సివిల్ ప్రొసీజర్ కోడ్‌నే తీసుకోండి. ముందు 158 సెక్షన్లు, వాటి వెనుక మొదటి షెడ్యూలులో 51 ఆర్డర్లు, ప్రతి ఆర్డర్‌లోనూ రూల్స్. అధికారాన్నిచ్చేది సెక్షన్, ఆ అధికారాన్ని ఎలా వాడాలో చెప్పేది ఆర్డర్ అన్న అవగాహన కలిగితే పుస్తకం సగం లొంగినట్లే. ఆ తరువాత ఒక దావా పుట్టుకనుంచి ముగింపుదాకా ఆర్డర్ల వరుసలో నడవండి: వాది దాఖలుచేసే ప్లయింట్ ఆర్డర్ 7, దానిని తిరస్కరించడం అందులోనే రూల్ 11, దానికి ప్రతివాది జవాబైన రిటెన్ స్టేట్‌మెంట్ ఆర్డర్ 8, ప్రతివాది రాకపోతే ఏమవుతుందో ఆర్డర్ 9, ఎక్స్ పార్టీ డిక్రీ రద్దు అందులో రూల్ 13, కోర్టు తేల్చవలసిన వివాదాంశాలు, అంటే ఇష్యూలు, ఆర్డర్ 14, అమలు ఆర్డర్ 21, తాత్కాలిక ఇంజంక్షన్ ఆర్డర్ 39. కోర్టులో గుమస్తా ‘ఈపీ’ (డిక్రీ అమలు పిటిషన్) అన్నా, సీనియర్ ‘ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేయాలి’ అన్నా అది ఈ వరుసలో ఎక్కడ ఉందో కంటికి కనిపించాలి. అలా చదివినవారికి ప్రశ్న ఏ వైపు నుంచి వచ్చినా ఏ పేజీ తెరవాలో తెలుస్తుంది. గైడులో ముక్కలుముక్కలుగా ప్రశ్నలు, జవాబులు బట్టీపట్టినవారికి అదే ప్రశ్న కొంచెం మాట మార్చి వస్తే దారి తెలియదు.

క్రిమినల్ చట్టాల దగ్గర ఇప్పుడు ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టాల స్థానంలో వరుసగా భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమలులోకి వచ్చాయి. హత్యకు శిక్ష సెక్షన్ 302 నుంచి 103కు, మోసం 420 నుంచి 318కి, భర్త, అతని బంధువుల వేధింపు 498ఏ నుంచి 85కు వెళ్లాయి. ఎఫ్‌ఐఆర్ 154 నుంచి 173కు, ఎలక్ట్రానిక్ సాక్ష్యం 65బీ నుంచి 63కు మారాయి. వీటన్నిటికంటే తికమకపెట్టేది 482. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 482 అంటే హైకోర్టుకున్న సహజాధికారం, కేసు కొట్టివేయమని అడిగే సెక్షన్. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు. సహజాధికారం 528కి పోయింది. మా ఆఫీసులో ఒక సాయంత్రం ముందస్తు బెయిలు పిటిషన్ తయారవుతుండగా మా సీనియర్ గారు పెన్ను పక్కనపెట్టి, “నంబరు చెప్పకు బాబూ, పుస్తకం తీసి చదువు” అన్నారు. “సార్, నాలుగు వందల ఎనభై రెండు” అని నేను చెప్పిన జవాబు సరైనదే. అయినా ఆయన సంహిత తెప్పించి సెక్షన్ మొత్తం, ఉపసెక్షన్లతో సహా, గట్టిగా చదివించుకున్న తరువాతే టైపింగుకు ఇచ్చారు. నలభై ఏళ్ల అనుభవమున్న మనిషి సెక్షన్‌ను కళ్లతో చూడకుండా కాగితం మీద పెట్టనప్పుడు, మనం పరీక్షహాలులో జ్ఞాపకం మీద ఆధారపడటానికి కారణమేమీ లేదు.

పాత చట్టాలను పూర్తిగా మరచిపోవచ్చా అని కొందరు అడుగుతారు. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కనుక కోర్టులో రెండూ అవసరమే. అందుకే ముఖ్యమైన యాభై అరవై సెక్షన్లకు పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన మీ చేతితో మీరే ఒక పట్టిక రాసుకోండి. అచ్చు పట్టిక కొంటే పని తేలికవుతుంది కానీ నంబరు మనసులో నిలవదు.

డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లిషు బేర్ యాక్టును చూసి వెనుకాడటం నాకు తెలుసు. వారు సెక్షన్‌ను ముక్కలుగా విడదీసి చదవాలి: అసలు నియమం ఒకటి, ‘ప్రొవైడెడ్ దట్’ అని మొదలయ్యే మినహాయింపు మరొకటి, కింద ఇచ్చిన వివరణ ఇంకొకటి. పరీక్షలో ప్రశ్నలు మినహాయింపుల మీద కూడా ఉంటాయి. మేము కొందరం సాయంత్రాలు కూర్చుని, ఒకరు సెక్షన్ చదివితే మరొకరు దానిని ఇంట్లో నాన్నకు చెప్పినట్లు తెలుగులో చెప్పాలని నియమం పెట్టుకున్నాం. చెప్పలేకపోయిన చోట సెక్షన్ అర్థం కాలేదన్నమాట. ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు.

కొన్ని అంశాలు మన ప్రాంతంవారికి సహజంగానే దగ్గర. కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో వాటా గురించి 2005 సవరణ, 2020 నాటి వినీత శర్మ తీర్పు చదివేటప్పుడు, అంతకు రెండు దశాబ్దాల ముందే మన రాష్ట్రం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా అవివాహిత కుమార్తెలకు ఆ హక్కు ఇచ్చిందని గుర్తుంచుకోండి. జిల్లా కోర్టులో పార్టిషన్ దావాల్లో ఆ తేదీ ఇప్పటికీ వినిపిస్తుంది. భూసేకరణకు రెండే మార్కులు. కానీ 2013 చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా, అంగీకార నిబంధనలను చదివి, అమరావతికి ముప్పై వేల ఎకరాలకు పైగా భూసమీకరణ పద్ధతిలో ఎందుకు తీసుకున్నారో ఆలోచిస్తే ఆ చట్టం మళ్లీ మరపుకు రాదు. వృత్తి నీతికి నాలుగు మార్కులే ఉన్నా వాటిని ఎవరూ వదులుకోకూడదు: దుష్ప్రవర్తనకు అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35, అప్పీలుకు 37, 38, కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదన్న నిబంధన, ప్రకటనలు ఇవ్వకూడదన్న నిబంధన, పూర్తికాలపు జీతం తీసుకునే ఉద్యోగి ప్రాక్టీసు చేయకూడదన్న నిబంధన. ఉద్యోగం చేస్తూ లా చదివినవారు నమోదుకు ముందే ఈ చివరిదాన్ని చూసుకోవాలి.

పరీక్షహాలులోకి నోట్స్ లేని బేర్ యాక్టులను మాత్రమే అనుమతిస్తారు. వ్యాఖ్యానాలున్న పుస్తకాలు, చేతిరాతతో నిండిన ప్రతులు పనికిరావు. కాబట్టి చదువుకునేందుకు ఒక ప్రతి, హాలుకు ఒక శుభ్రమైన ప్రతి ఉంటే మేలు. రెండూ ఒకే ప్రచురణకర్తవైతే పేజీలు కంటికి అలవాటై ఉంటాయి. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో కొనేటప్పుడు తాజా సవరణలున్న ముద్రణేనా అని చూసుకోండి. సమయం పరిమితం కనుక, మొదటి విడతలో తెలిసినవన్నీ రాసి, పుస్తకం తెరవవలసినవాటిని గుర్తుపెట్టుకుని, రెండో విడతలో చట్టం చట్టంగా చూడటం మంచిది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పుస్తకం మార్చుకుంటూ పోతే సమయం చాలదు. నెగెటివ్ మార్కులు లేవు గనుక ఓఎంఆర్ పత్రంలో ఒక్క గడి కూడా ఖాళీగా వదలవద్దు.

ఈసారి ఉత్తీర్ణత రాకపోతే మళ్లీ రాయవచ్చు, ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు. పరీక్షకు ముందే తాత్కాలికంగా నమోదైనవారు మాత్రం రెండేళ్లలోగా ఉత్తీర్ణులు కావాలి. జూనియర్ సివిల్ జడ్జి కావాలనుకునేవారు మరొకటి గమనించాలి: ఆ పోస్టులకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది, ఆ మూడేళ్లను తాత్కాలిక నమోదు తేదీ నుంచే లెక్కిస్తారని కూడా అదే తీర్పులో స్పష్టం చేసింది. అందువల్ల పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, పట్టా రాగానే అమరావతికి నమోదు దరఖాస్తు పంపండి.