కాలువలు తవ్విన ఊళ్ళలో: కోరింగ మడ అడవుల యాత్ర

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రహదారిలో వచ్చే చొల్లంగి, సప్తసాగర యాత్ర చేసేవారికి తొలి మజిలీ. పుష్య బహుళ అమావాస్యనాడు ఇక్కడ తుల్యభాగ సాగరసంగమంలో స్నానం చేసి, గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్లను ఒక్కొక్కటిగా సేవించుకుంటూ అంతర్వేది చేరడం తరతరాల ఆచారం. ఆ రద్దీ తగ్గిన మాఘమాసంలో నేను చొల్లంగికి వెళ్ళింది మాత్రం మడ అడవికోసం, అంతకంటే ఎక్కువగా ఆ అడవిని కాపాడుతున్న ఊళ్ళవారితో మాట్లాడటంకోసం.

కోరింగ వన్యప్రాణి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. గౌతమీ గోదావరి నుంచి చీలిన కోరింగ, గాడేరు పాయల నడుమ, 235 చదరపు కిలోమీటర్లకు పైగా అది విస్తరించి ఉంది. సందర్శకుల కేంద్రం దగ్గర చెట్ల మధ్యగా వేసిన చెక్కవంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి వేలాది ఊపిరి వేళ్ళు నిటారుగా పైకి పొడుచుకువచ్చి కనిపిస్తాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడచెట్టు తన వేళ్ళను ఇలా పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. నాకు తోడు వచ్చిన యువకుడు దగ్గరి మత్స్యకార గ్రామంవాడు, పర్యావరణాభివృద్ధి కమిటీ సభ్యుడు. తిల్లచెట్టు కొమ్మ పక్కకు తప్పించబోతే వెంటనే వారించి, దాని పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుందని చెప్పాడు. ఉప్పు పొన్న కాయ చెట్టుమీద ఉండగానే మొలకెత్తి, పొడవైన మొలకగా వేలాడి, చివరకు బురదలో పడి నాటుకునే తీరును చూపించాడు. ఏ గట్టున నీటికుక్కలు పిల్లలను పెడతాయో, బావురుపిల్లి అడుగుజాడ కుక్క అడుగుజాడకు ఎలా వేరుగా ఉంటుందో అతడు చెప్పిన తీరులో చిన్నప్పటినుంచి పడవల మీద తిరిగినవాడి చూపు ఉంది. బోటు నడిపేవారు, దారి చూపేవారు చుట్టుపక్కల ఊళ్ళవారే కావడం ఈ కేంద్రానికి అతిపెద్ద బలమని నేను అనుకుంటున్నాను.

అయితే వంతెన మీద నడిచి వెనుదిరిగే సందర్శకుడికి ఈ అడవి కథలో సగం కనిపించదు. ఆ సగంకోసం తాళ్ళరేవు మండలంలోని మట్లపాలెం వెళ్ళాను. వన సంరక్షణ సమితిలో మొదటినుంచీ ఉన్న ఒక పెద్దాయన పాత రోజులు చెప్పారు: "పొయ్యిలోకి మడ, దడికి మడ, ఇంటి వాసానికీ మడేనండి. కాయ రాలుద్ది, దానంతటదే మొలుత్తుంది అనుకున్నాం." అడవి తరిగిపోవడానికి ఊళ్ళవారి వాడకం ఒక్కటే కారణం కాదు, అంతకుముందు కూపులు (నరకడానికి హద్దులు గీసిన అడవి భాగాలు) వేసి అడవిని పట్టీలు పట్టీలుగా నరికారు. చెట్టు పోయిన నేల ఎండకు ఆరి, కుంగి, పళ్ళెంలా గుంట పడుతుంది. పోటుకు వచ్చిన నీరు పాటుకు తిరిగి పోలేక అందులోనే నిలిచి ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. ఏటికేడాది ఉప్పు పెరిగిన ఆ నేలలో ఎన్ని కాయలు పడినా ఒక్కటీ బతకదు. అందుచేత అలాంటి చోట ఉత్త మొక్కలు తెచ్చి నాటడం వృథా శ్రమ. ముందు నీటికి దారి కావాలి.

ఆ దారిని ఊళ్ళవారే తవ్వారు. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, గ్రామ సమితులు కలిసి ఈ పని చేపట్టాయి. సహజమైన పాయ నుంచి బీడులోకి ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు తీస్తారు. ఈ అమరికకు చేపముల్లు పద్ధతి అని పేరు. పోటునీరు లోపలికి వచ్చి, పాటుకు ఉప్పును కడుగుకుంటూ బయటకు పోతుంది. మొక్కలను కాలువ అడుగున కాకుండా, గట్టు మీద కాకుండా, వాలులో నీరు తగిలి వెళ్ళే ఎత్తున నాటాలి. ఆ ఎత్తు ఎక్కడో పుస్తకం చెప్పలేదని, ఏ తిథికి నీరు ఎంతవరకు ఎక్కుతుందో తెలిసిన తామే గుర్తు పెట్టామని పెద్దాయన అన్నారు. ఆ మాటలో గర్వం ఉంది, ఉండవలసిన గర్వమే అది. ఈ అనుభవజ్ఞానాన్ని లెక్కలోకి తీసుకోకుండా కాగితం మీద గీసిన ఏ ప్రణాళికా ఈ బురదలో నిలబడదని నా నమ్మకం.

నరకవద్దని చెప్పడం సులువు, పొయ్యి మాత్రం రోజూ వెలగాలి. సమితి ఈ సంగతిని దాటవేయలేదు: వంటచెరకుకోసం ఊరి భూముల్లో సరుగుడు పెంచారు, తరువాత గ్యాస్ పొయ్యిలు వచ్చాయి. అక్కడ కూర్చున్న ఆడవారిలో ఒకామె, మండపీతలూ గుల్లలూ ఏరి అమ్ముకునే ఆవిడ, నా ప్రశ్నలన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివరకు ఒక్కమాట అన్నారు: "మడ ఉంటేనే పీత ఉంటుందండి. మా అత్తగారికి ఇది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, నాకూ చెప్పక్కర్లేదు." రొయ్యపిల్లలూ చేపపిల్లలూ పెద్ద చేపల నోట పడకుండా పెరిగేది ఈ వేళ్ళ సందుల్లోనే కాబట్టి, ఆమె చెప్పినది తీరమంతటి జీవనాధారానికీ వర్తిస్తుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను ఈ తీరాన్ని ఎలా కొట్టిందో గుర్తున్నవారు అక్కడ ఇంకా ఉన్నారు. అడవి ఒక అడ్డుగోడ అన్న మాట వారికి ఉపన్యాసంలో విన్నది కాదు.

కాకినాడ అఖాతాన్ని అలల నుంచి కాచే ఇసుకదిబ్బ హోప్ ఐలాండ్‌పైనా, ఉప్పాడ వైపు తీరంలోనూ జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. నక్కలూ కుక్కలూ తవ్వకముందే రాత్రివేళ గుడ్లు సేకరించి కంచెలో పాతిపెట్టే కాపలాదారులు కూడా మత్స్యకారులే. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటపడతాయి. వాటిని సముద్రంలోకి వదలడం చూడటానికి జనం వస్తారు. వలల్లో చిక్కి చనిపోయి ఒడ్డుకు కొట్టుకువచ్చిన పెద్ద తాబేళ్ళను పాతిపెట్టే పని మాత్రం ఆ కాపలాదారులదే. తాబేలు తప్పించుకునే అమరిక ఉన్న వలలు ప్రతి మరపడవలోనూ వాడేదాకా వారి శ్రమలో సగం ఇలా దుఃఖానికే పోతుంది.

తిరిగి వచ్చేముందు మట్లపాలెంవారు నన్ను పాత కాలువల వెంట తీసుకువెళ్ళారు. ఒకప్పటి బీడులో ఇప్పుడు తలెత్తి చూడవలసిన మడచెట్లున్నాయి. కానీ కాలువల్లో ఒండ్రు పేరుకుంటుంది. మొక్కలు నిలదొక్కుకునేదాకా పూడిక తీస్తూనే ఉండాలి, పథకం గడువు ముగిశాక ఆ కూలి ఎవరిస్తారన్నదే వారి ప్రశ్న. సందర్శకుల టిక్కెట్ల డబ్బులో కొంత భాగాన్ని పూడిక పనికి, ఊరివారి కూలికి కచ్చితంగా కేటాయించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. మేము నడిచిన దారిలో కొత్తగా నాటిన వైపున్న రెండు చిన్న కాలువల మూతులు దాదాపు మూసుకుపోయి ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం ఉండే రోజుల్లో, పడవలు ఒడ్డున ఉంటాయి గనుక, ముందుగా ఆ రెండింటినీ తెరవాలని వారు అక్కడే నిలబడి నిర్ణయించుకున్నారు.