సిట్రిక్ ఆమ్లంతో పీవీఏ పొర: పొర నిలిచింది బంధాల వల్లేనా?

నీటిలో కరిగే పాలీవినైల్ ఆల్కహాల్, అంటే పీవీఏ, పొరను నీటికి తట్టుకునేలా మార్చడానికి గ్లుటరాల్డిహైడ్ వాడటం పాత పద్ధతి. అది విషపూరితం, ఆవిరి కూడా ఊపిరితిత్తులకు హానికరం కనుక నేను సిట్రిక్ ఆమ్లాన్ని ఎంచుకున్నాను. ఇందులో ద్రావణి నీరే, చర్యలో వెలువడేదీ నీరే.

98–99 శాతం జలవిశ్లేషణ జరిగిన (అంటే గొలుసు మీది అసిటేట్ సమూహాలు దాదాపు అన్నీ హైడ్రాక్సిల్‌గా మారిన) రకం పీవీఏ పొడిని 5 గ్రాములు తీసుకుని, 100 మిల్లీలీటర్ల చన్నీటిలో కొద్దికొద్దిగా చల్లి నానబెట్టి, ఆ తరువాతే 90 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి కలుపుతూ కరిగించాను. నేరుగా వేడినీటిలో వేస్తే పొడి ఉండకట్టి లోపల తడవకుండా ఉండిపోతుంది. చల్లారిన ద్రావణంలో 1 గ్రాము సిట్రిక్ ఆమ్లం కలిపి, పళ్లెంలో పలుచగా పోసి ఆరబెట్టాను.

అసలు మార్పు జరిగేది ఆరిన పొరను వేడిచేసినప్పుడే. ఆమ్లంలోని కార్బాక్సిల్ సమూహాలు నీటిని కోల్పోయి ఆన్‌హైడ్రైడ్‌గా మారి, పాలిమర్ గొలుసుల మీది హైడ్రాక్సిల్ సమూహాలతో ఎస్టర్ బంధాలు ఏర్పరుస్తాయి. గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేసే అడ్డుబంధాలు ఇవే. ఇందుకు పొరను 130 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచాను. వేడి మితిమీరితే గొలుసులోంచే నీరు తొలగి, ద్విబంధాలు వరుసగా ఏర్పడి పొర పసుపెక్కుతుంది. అందుకే ఓవెన్ సూచికను నమ్మకుండా లోపల వేరే థర్మామీటరు పెట్టాను.

ఈ పొర చన్నీటిలో కరగలేదు. అంతమాత్రాన సంతోషించడానికి లేదు, ఎందుకంటే ఆమ్లం కలపకుండా అదే వేడికి గురిచేసిన పొర కూడా చన్నీటిలో ఉబ్బిందే తప్ప కరగలేదు. వేడికి పీవీఏలో స్ఫటికీకరణ, అంటే గొలుసులు వరుసగా దగ్గరగా పేర్చుకోవడం, పెరగడమే అందుకు కారణం. తేడా తెలిసింది 90 డిగ్రీల నీటిలోనే: ఆమ్లం లేనిది కరిగిపోయింది, ఆమ్లం ఉన్నది మెత్తటి జెల్‌గా నిలిచింది.

తూకంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. 0.60 గ్రాముల పొరలో సుమారు 0.10 గ్రాములు ఆమ్లమే కనుక, నానబెట్టి ఆరబెట్టాక బరువు తగ్గితే, పోయింది పాలిమరా, చర్యలో పాల్గొనని ఆమ్లమా అన్నది తూకం చెప్పదు. అందువల్ల నానిన నీటిని ఫినాఫ్తలీన్ సూచికతో, గాఢత తెలిసిన క్షారంతో టైట్రేషన్ చేసి, బయటికి వచ్చిన ఆమ్లాన్ని లెక్కగట్టి బరువు నష్టంలోంచి తీసివేస్తున్నాను.

తరువాత 120, 140 డిగ్రీల పొరలను ఇదే వరుసలో పరీక్షించి, ఒక ముక్కను సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచుతాను. అడ్డుబంధాలు నిజంగా ఎస్టర్లే అయితే క్షారం వాటిని తెంచాలి; ఆ ముక్కను కడిగి మళ్లీ 90 డిగ్రీల నీటిలో వేస్తే కరిగిపోవాలి.